దుబాయ్ ఎడారిలో క్వాడ్ బైకా, బగ్గీయా, జీపా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

దుబాయ్ టికెట్లు బుక్ అవగానే మనవాళ్లు అడిగే ప్రశ్నల్లో మొదటిది బుర్జ్ ఖలీఫా పైకి ఎక్కడానికి ఎంత అని, రెండోది డిజర్ట్ సఫారీలో (జీపులో ఇసుక దిబ్బల మీద తిప్పి, ఎడారిలో వేసిన క్యాంపుకి తీసుకెళ్లే టూర్) క్వాడ్ బైక్, అంటే నాలుగు చక్రాల ఇసుక బండి, కూడా కలిపి తీసుకోవాలా వద్దా అని. మొదటిదాని సంగతి మీ ఇష్టం. రెండోదానికి మాత్రం నా జవాబు ఒక్కటే: కలిపి తీసుకోకండి. క్వాడ్ నడపాలని నిజంగా మనసులో ఉంటే పొద్దున పూట, గైడ్ ముందుండి తీసుకెళ్లే టూర్, గంటకి తగ్గకుండా, విడిగా తీసుకోండి. అంత కోరిక లేదంటే అసలు వదిలేసి ఆ డబ్బుతో మన హోటళ్లుండే కరామా పేటలో రెండు పూటలు కడుపునిండా భోంచేయండి. ఈ రెండిటికీ మధ్యలో ప్యాకేజీల వాళ్లు అమ్మే ఇరవై నిమిషాల ముచ్చట ఉంది చూశారూ, అదే దండగ.

నేను మొదటిసారి దాన్నే కొనుక్కున్నాను. మోసపోయాను అనాలని ఉంది కానీ అనలేను, ఎందుకంటే వాళ్లు రాసింది రాసినట్టే ఇచ్చారు, సరిగ్గా చదవంది నేనే. సాయంత్రం సఫారీలో జీపు ఇసుకలోకి దిగేముందు ఒక చోట ఆగుతుంది. టైర్లలో గాలి తీయడానికి అంటారు, అది నిజమే, మామూలు రోడ్డు మీద ఉండే గాలిని సగానికి సగం తగ్గిస్తే తప్ప టైరు ఇసుక మీద పరుచుకోదు. కానీ ఆ ఆగే చోటే చాయ్ కొట్లు, తలకి చుట్టే అరబ్బు గుడ్డలు, డేగని చేతి మీద పెట్టి ఫొటో తీసేవాళ్లు, వరసగా పెట్టిన క్వాడ్ బైకులు అన్నీ ఉంటాయి. నా 'ఉచిత క్వాడ్ రైడ్' అక్కడే. తాడు కట్టిన ఆవరణ, లోపల గుండ్రంగా అరిగిపోయిన దారి, ముందొకడు వెనకొకడు, హెల్మెట్ దొరికేసరికి ఐదు నిమిషాలు, ఇంజన్ స్టార్ట్ అయ్యేసరికి ఇంకో మూడు, నాలుగు చుట్లు తిరిగేసరికి ఈలేశారు. జాతరలో రంగులరాట్నం ఎక్కినట్టే ఉంది, రంగులరాట్నంలో కనీసం మొహం మీద ఇసుక పడదు.

గైడెడ్ టూర్ దీనికి పూర్తిగా వేరు. గైడ్ తన బండి మీద ముందు వెళ్తాడు, మీరు వెనక వరసలో ఒకరి వెనక ఒకరు, అతను చెయ్యి పైకెత్తితే ఆగాలి, అతని టైరు జాడ ఎటు పోతే అటే పోవాలి. చిన్నపిల్లల్ని బడికి తీసుకెళ్తున్నట్టుందే అనుకుంటారు మొదట్లో. కానీ ఇసుక దిబ్బ సంగతి కాస్త తెలిస్తే ఆ గైడ్‌కే సగం డబ్బు ఇస్తున్నామని అర్థమవుతుంది. దిబ్బకి రెండు వైపులా ఒకలా ఉండదు. గాలి వచ్చే వైపు వాలు తక్కువగా, ఇసుక కాస్త గట్టిగా ఉంటుంది, ఎక్కడం హాయి. అవతలి వైపు ఇసుక పైనుంచి జారి జారి పడ్డది కాబట్టి నిటారుగా, 30 డిగ్రీలు దాటి, మెత్తగా ఉంటుంది. ఇటు నుంచి ఎక్కేవాడికి నెత్తి మీదకి చేరేదాకా అవతల ఏముందో కనబడదు, పల్లమో, ఆగిపోయిన ఇంకో బండో, పడిపోయిన మనిషో. రేజ్ ఇచ్చుకుంటూ పోయి దిబ్బ నెత్తి దాటాడా, గాల్లోకి లేచి ముక్కు కిందకి పడతాడు. ఎడారి క్వాడ్ ప్రమాదాల్లో భయపడాల్సిన రకం ఇదే. గైడ్‌కి ఆ దిబ్బలు రోజూ చూసినవి, రాత్రి గాలికి ఏది ఎటు జరిగిందో పొద్దున ఒక చూపులో పట్టేస్తాడు. అందుకే "గైడ్ లేకుండా తక్కువకి ఇస్తాం, మీరే తిరిగి రండి" అనేవాళ్లు దొరుకుతారు గానీ, అక్కడ మిగిలే డబ్బు కోసం ఆశపడకండి.

ఇక బండ్ల పోలిక. క్వాడ్ అంటే నాలుగు చక్రాల మీద మోటార్ సైకిల్ హ్యాండిల్, కానీ మోటార్ సైకిల్ నడిపేవాడికే దీనితో ఎక్కువ తిప్పలు. ఒకటి, రేజ్ తిప్పేది కాదు, కుడి బొటనవేలితో నొక్కాలి, గేర్లుండవు, అరగంట దాటాక ఆ వేలు లాగుతుంది. రెండు, మలుపులో బండి మనతోపాటు వంగదు, మన ఒంటినే లోపలి వైపుకి జరపాలి, సీటు మీద మూటలా కూర్చుంటే బండి బయటి వైపుకి ఎత్తేస్తుంది. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: బండి ఒరిగితే పల్సర్ మీద అలవాటుగా కాలు కింద పెట్టేస్తాం కదా, క్వాడ్ మీద ఆ పని చేస్తే వెనక చక్రం మన కాలి మీద నుంచే పోతుంది. కాళ్లు ఎప్పుడూ ఫుట్‌రెస్టు మీదే. బండి రెండు వందల కిలోల పైమాటే, మీద పడితే ఒక్కరూ లేపలేరు, చుట్టూ రక్షణ చట్రం లాంటిదేమీ ఉండదు. ఇదంతా భయపెట్టడానికి చెప్పడం లేదు, మెల్లగా మొదలుపెట్టి ఇరవై నిమిషాలు నడిపితే ఒంటికి పట్టేస్తుంది, ఆ తర్వాతే అసలు సరదా. అందుకే కదా ఇరవై నిమిషాల ప్యాకేజీ వద్దంటున్నది, నేర్చుకునేసరికి దిగిపొమ్మంటారు.

బగ్గీ అంటే కారు లాంటిదే: స్టీరింగ్, కాలి కింద యాక్సిలరేటర్, బ్రేకు, ఒంటికి అడ్డంగా బిగించే బెల్టులు, చుట్టూ ఇనప చట్రం. పొలారిస్, కాన్-ఆమ్ కంపెనీలవే ఎక్కువ కనిపిస్తాయి, రెండు సీట్లవీ నాలుగు సీట్లవీ ఉంటాయి. పల్టీ కొట్టినా చట్రం కాపాడుతుంది, కారు నడిపేవాళ్లకి ఐదు నిమిషాల్లో అలవాటవుతుంది, పక్కన భార్యనో భర్తనో, వెనక పెద్ద పిల్లల్నో కూర్చోబెట్టుకోవచ్చు. మరి క్వాడ్ ఎందుకు, బగ్గీయే ఎక్కొచ్చుగా అంటే రెండు అడ్డంకులు. ధర, ఇది గంట లెక్కన క్వాడ్‌కి రెండింతలు పైనే ఉంటుంది, నాలుగు సీట్లది ఇంకా ఎక్కువ. రెండోది వేగం. ఇంజన్ చాలా పెద్దది, 1000 సీసీ దాకా ఉంటుంది, మీద చట్రం ఉందన్న ధైర్యంతో మనం కూడా గట్టిగా తొక్కుతాం. క్వాడ్ మీద మనిషికి తన భయమే బ్రేకు, బగ్గీలో ఆ బ్రేకు పనిచేయదు. లైసెన్సు అడిగే ఆపరేటర్లు కూడా బగ్గీకే ఎక్కువ, మన ఇండియా లైసెన్సు ఒరిజినల్ చేతిలో ఉంచుకుని, సరిపోతుందా లేదా ముందే మెసేజ్‌లో రాయించుకోండి.

జీపు సంగతి మీకు తెలిసిందే, ల్యాండ్ క్రూయిజర్‌లో ఆరుగురిని ఎక్కించి డ్రైవర్ దిబ్బల మీద ఊపేస్తాడు. మనం చేసేదేమీ లేదు, అరవడం తప్ప. చవక, అందరూ కలిసి ఉండొచ్చు. చివరి వరస సీట్లో కూర్చున్నవాళ్లకి వాంతి ఖాయం అనుకోండి, అందుకని ఒంట్లో తిప్పే రకం వాళ్లని ముందు సీటుకి పంపండి, మధ్యాహ్నం బిర్యానీ తిని వెళ్లొద్దని మాత్రం చేతులు జోడించి చెబుతున్నా. ఒంటె సవారీ అయితే ప్యాకేజీలో పది నిమిషాలు, అది లేచేటప్పుడు ముందుకి వెనక్కి ఊగే ఊపే అందులో థ్రిల్లు, దాన్ని ఈ లెక్కలోకి తీసుకోవక్కర్లేదు.

ఇప్పుడు ఎవరికి ఏది. ఇంట్లో అందరూ ఒకే బండెక్కాలన్న పట్టుదలే మన ఫ్యామిలీ ట్రిప్పుల్ని పాడుచేస్తుంది. అమ్మానాన్నలు అరవై దాటినవాళ్లు, నడుము నొప్పి, మెడ నొప్పి, గుండె ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు క్వాడ్, బగ్గీ రెండూ వద్దు, జీపు దూకుడు కూడా వద్దు. దిబ్బల మీదకి వెళ్లకుండా నేరుగా క్యాంపుకి దింపమంటే దింపే కంపెనీలు ఉన్నాయి, బుకింగ్ అప్పుడే అడగాలి, జీపు ఎక్కాక అడిగితే మిగతా నలుగురూ మొహం మాడ్చుకుంటారు. పదహారేళ్లలోపు పిల్లలకి పెద్దవాళ్ల సైజు క్వాడ్ ఇవ్వకండి, ఇస్తామని వాళ్లు అన్నా సరే. చిన్న ఇంజన్ ఉన్న పిల్లల బండ్లు ఆవరణలో నడిపిస్తారు, తాడు కట్టిన ఆ ఆవరణకి అదొక్కటే న్యాయమైన ఉపయోగం. నాన్న ముందు కూర్చుని, మూడేళ్ల పాపని ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని నడపడం మన దగ్గర బైకు మీద మామూలేమో గానీ ఇక్కడ ఊహించుకోవడానికే టెన్షన్.

జంటలు అడిగేది ఇంకొకటి, ఒకే క్వాడ్ మీద ఇద్దరం కూర్చోవచ్చా అని. రెండు సీట్ల కోసమే పొడుగ్గా చేసిన క్వాడ్లు ఉంటాయి, అవైతే పరవాలేదు. ఒంటి సీటు దాని మీద వెనక ఇంకొకరు కూర్చుంటే బరువంతా వెనక్కి పోయి, ఎక్కుడులో ముందు చక్రాలు లేస్తాయి. పైగా వెనక కూర్చున్నవాళ్లకి దారి కనబడదు, పట్టుకోవడానికి సరిగ్గా ఏమీ ఉండదు, దిగాక ఇద్దరి మధ్యా మాటలుండవు. కలిసే తిరగాలంటే ఇద్దరికీ ఒక బగ్గీ, డబ్బు మిగలాలంటే ఆసక్తి ఉన్న ఒక్కరికే క్వాడ్, రెండోవారు క్యాంపులో చాయ్. నిజం చెప్తున్నా, మా ఇంట్లో ఈ రెండో పద్ధతే పనిచేసింది. మా ఆవిడ పొద్దున ఆరింటికి లేచేదే లేదంది, నేనొక్కణ్నే క్వాడ్ టూర్‌కి వెళ్లొచ్చాను, సాయంత్రం అందరం కలిసి మామూలు సఫారీకి వెళ్లాం. లెక్కేస్తే నలుగురికీ క్వాడ్ కలిపిన ప్యాకేజీ కంటే తక్కువే అయింది.

పొద్దునే ఎందుకు అని ఇంతసేపూ చెప్పలేదు కదా. రాత్రి మంచుకి పైపొర ఇసుక కాస్త తడిసి బిగుసుకుంటుంది, బండి తేలిగ్గా పరిగెడుతుంది, ఎక్కుళ్లలో కూరుకుపోవడం తక్కువ. రెండోది వెలుగు. సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు ప్రతి దిబ్బకీ నీడ పడి ఎక్కడ ఎత్తో ఎక్కడ పల్లమో గీత గీసినట్టు కనబడుతుంది. నడినెత్తికి వచ్చాక నీడలు పోయి అంతా ఒకే రంగు గుడ్డ పరిచినట్టయిపోతుంది, ముందు గుంత ఉన్నా తెలీదు. సాయంత్రం కూడా వెలుగు బాగుంటుంది, ఫొటోలకి ఇంకా బాగుంటుంది, కానీ పగలంతా ఎండి తొక్కుడు పడ్డ ఇసుక పిండిలా ఉంటుంది, జనం కూడా అప్పుడే ఎక్కువ. డిసెంబర్‌లో సూర్యాస్తమయం ఐదున్నరకే అయిపోతుందని గుర్తుంచుకోండి, నాలుగింటికి పికప్ అంటే అక్కడికి చేరిన కాసేపటికే పొద్దు గూకుతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పగటి పూట 40 డిగ్రీలు దాటుతుంది, ఆ నెలల్లో వెళ్లాల్సొస్తే సూర్యోదయం టూర్ తప్ప ఇంకోటి చూడకండి. నవంబర్ నుంచి మార్చి దాకా హాయి, జనవరి తెల్లవారుజామున మాత్రం స్వెట్టర్ కావాలి, దుబాయ్‌లో చలేంటి అని మా తమ్ముడు నవ్వి, తర్వాత నా జాకెట్ లాక్కున్నాడు.

చోటు సంగతి. ఎక్కువ టూర్లు వెళ్లేది లహ్‌బాబ్ వైపు, దుబాయ్ నుంచి హత్తా వెళ్లే రోడ్డులో, ముప్పావు గంట నుంచి గంట. అక్కడి ఇసుక ఎర్రగా ఉంటుంది, రేణువుల మీద తుప్పులాంటి ఇనుము పొర వల్ల వచ్చిన రంగు అది. ఇంకాస్త ముందుకెళ్తే షార్జా పరిధిలో అల్ బదాయర్, అక్కడే 'బిగ్ రెడ్' అనే పెద్ద దిబ్బ, దాదాపు 100 మీటర్ల ఎత్తు. సెలవు రోజుల్లో అక్కడికి స్థానికుల బండ్లన్నీ వచ్చేస్తాయి, ఎటు నుంచి ఏది దూకుతుందో తెలీదు. 2022 నుంచి దుబాయ్‌లో ప్రభుత్వ వారాంతం శని ఆదివారాలు, శుక్రవారం సగం పూట, షార్జాలో అయితే శుక్రవారం పూర్తిగా సెలవే, కాబట్టి మీ టూర్‌ని సోమవారం నుంచి గురువారం మధ్యలో పెట్టుకుంటే సగం గొడవ ఉండదు. మొదటిసారి వాళ్లకి లహ్‌బాబ్ చాలు. అబుదాబి దక్షిణాన లివా దగ్గర తల్ మొరీబ్ అనే దిబ్బ వీడియోలు చూసి ఊగిపోకండి, అది అనుభవం ఉన్నవాళ్ల చోటు, పైగా దుబాయ్ నుంచి ఒక రోజు పని.

ఇంజన్ మోతే వద్దు, ఎడారిని ఎడారిలా చూడాలి అనేవాళ్లకి దుబాయ్ డిజర్ట్ కన్జర్వేషన్ రిజర్వ్ ఉంది, 225 చదరపు కిలోమీటర్లు, ఒరిక్స్ జింకలు తిరుగుతుంటాయి, అనుమతి ఉన్న కొద్ది కంపెనీలే లోపలికి తీసుకెళ్తాయి, నెమ్మదిగా. ధర ఎక్కువ. కానీ పెద్దవాళ్లని తీసుకెళ్తే నా ఓటు దీనికే. అక్కడ దిబ్బల మధ్య పచ్చగా నిలబడే గాఫ్ చెట్టుని చూపించి ఇదేంటో చెప్పుకోండి అని అడగండి. అది యూఏఈ జాతీయ వృక్షం, మనకేమో జమ్మి చెట్టు, దసరాకి మనం మొక్కే జమ్మి, తెలంగాణ రాష్ట్ర వృక్షం. దసరాకి జమ్మి పెట్టుకుంటూ పెరిగిన మా అమ్మ దాని కింద రెండు నిమిషాలు నిలబడి ఆకు ఒకటి కొంగుకి కట్టుకోబోతే గైడ్ వద్దన్నాడు, కోయకూడదట. బండి మీద అయితే ఆ చెట్టు పక్క నుంచే దూసుకుపోయేవాళ్లం.

డబ్బు కట్టేముందు వాట్సాప్‌లో అడగాల్సినవి కొన్ని ఉన్నాయి, ఫోన్లో కాదు, రాతలో. గంట అంటే ఎక్కడ నుంచి లెక్క, హెల్మెట్ పెట్టుకోవడం, గైడ్ చెప్పే పాఠం కూడా అందులోనేనా? గైడ్ తన సొంత బండి మీద వస్తాడా, ఒక గైడ్‌కి ఎంతమంది? ఐదారుగురు దాటితే వద్దు, వరసలో చివరివాడు ఆగిపోతే ముందున్నవాడికి తెలిసేసరికి చాలాసేపవుతుంది, అందరూ ఆగి ఎదురుచూడటంలో మీ గంట కరిగిపోతుంది. బండి దెబ్బతింటే ఎవరు కట్టాలి, ఎంత దాకా? పాస్‌పోర్టు ఒరిజినల్ దగ్గర పెట్టుకుంటామంటే ఇంకో చోటు చూసుకోండి. బండి ఎక్కేముందు నాలుగు వైపులా వీడియో తీసుకోండి, పాత గీతలు మీ ఖాతాలో పడకుండా. టూర్ కంపెనీకి టూరిజం శాఖ లైసెన్సు ఉందా అని అడిగితే ఉన్నవాళ్లు ఫొటో పంపేస్తారు, లేనివాళ్లు "నో ప్రాబ్లం సర్" అంటారు. మన ట్రావెల్ ఇన్సూరెన్సు కాగితం కూడా ఓసారి తీసి చూడండి, అడ్వెంచర్ స్పోర్ట్స్ విడిగా కలిపించుకోకపోతే వర్తించదని చాలా పాలసీల్లో రాసి ఉంటుంది. అన్నట్టు గైడ్లలో పాకిస్తాన్ వాళ్లు బోలెడుమంది, హిందీ వస్తే మాటకి ఇబ్బంది లేదు, మన హైదరాబాదీ ఉర్దూ వింటే ఇంకాస్త నవ్వుతూ చెబుతారు.

దుబాయ్ దాకా ఎందుకు, జైసల్మేర్ దగ్గర సమ్ దిబ్బల్లో లేదా అంటారా? ఉంది, క్వాడ్లు, జీపులు, ఒంటెలు అన్నీ ఉన్నాయి, ఊరి నుంచి 40 కిలోమీటర్లు. కానీ అక్కడ దిబ్బలున్న మేర చిన్నది, జనం ఎక్కువ, గంటసేపు ఒక దిక్కుకి పోయే టూర్ కంటే కాసేపటి రైడ్లే దొరుకుతాయి. సరదాకి సరిపోతుంది. ఎప్పుడూ క్వాడ్ ముట్టుకోనివాళ్లు హైదరాబాద్ దగ్గర వికారాబాద్ వైపు రిసార్టుల్లో ఒకసారి మట్టి ట్రాక్ మీద నడిపి చూడండి, బొటనవేలి రేజు, ఒంటి బరువు జరపడం అక్కడే అలవాటైపోతాయి. మట్టికీ ఇసుకకీ తేడా ఒకటే గుర్తుంచుకోండి: మట్టిలో భయమేస్తే నెమ్మదిస్తాం, ఇసుక ఎక్కుడులో మధ్యలో నెమ్మదిస్తే చక్రాలు పాతుకుపోతాయి. ఇంకా రేజ్ ఇస్తే ఇంకా లోతుకి పోతాయి. అడ్డంగా తిప్పి దిగబోతే దొర్లిపోతారు. ఆగిపోయారా, బ్రేకు పట్టుకుని అలాగే కూర్చుని చెయ్యి ఊపండి, గైడ్ వస్తాడు, అందులో నామోషీ ఏమీ లేదు, నాకు రెండుసార్లు వచ్చాడు.

బట్టల విషయానికొస్తే, చీర, చున్నీ, పొడుగాటి లంగా ఏదీ వద్దు, చక్రంలో చుట్టుకుంటే క్షణం పట్టదు. జడ వేసుకుని షర్టు లోపలికి తోసేయండి. చెప్పులు కాదు, కాలు మొత్తం కప్పే బూట్లు. కళ్లద్దాల మీద గాగుల్స్ పట్టేలా ఉన్నాయో లేదో పెట్టి చూసుకోండి, కాంటాక్ట్ లెన్సులైతే ఆ రోజుకి ఇంట్లోనే ఉంచండి. మొహానికి చుట్టే గుడ్డ ఇక్కడి నుంచే మన తువ్వాలు తీసుకెళ్లండి, అక్కడ జీపు ఆగే చోట దాన్ని బంగారం ధరకి అమ్ముతారు. ఫోను జిప్పున్న జేబులో, వీడియో పని గైడ్‌కి అప్పగిస్తే ఆగినప్పుడల్లా తనే తీస్తాడు, చివర్లో ఓ ఇరవై దిర్హాములు చేతిలో పెడితే సంతోషం.

తిరిగొచ్చాక బూట్లు హోటల్ బాత్రూంలో దులపకండి, కింద పార్కింగ్‌లోనే దులుపుకుని పైకెళ్లండి. మా గదిలో నీళ్లు పోయే జాలీ మూసుకుపోయి, రిసెప్షన్‌కి ఫోన్ చేసి ఎర్ర ఇసుక ఎలా వచ్చిందో వివరించడం, క్వాడ్ నడపడం కంటే కష్టమైంది.